తిండి మారిస్తే గురక తగ్గుతుందా? ఏ మార్పు ఎంతవరకు పనిచేస్తుంది

మా నాన్న మంచం ఎక్కిన పది నిమిషాలకే గురక మొదలయ్యేది. "ఇలా పడుకున్నారో లేదో అలా పట్టేసింది, అదృష్టవంతులు" అనేది అమ్మ. మన ఇళ్లలో గురకకి ఉన్న అర్థం అదే. గుర్రుపెట్టి నిద్రపోయాడంటే ఒళ్లు తెలియకుండా హాయిగా పడుకున్నాడనే అనుకుంటాం. తెల్లారి లేచేసరికి నాన్నకి నోరు ఎండిపోయి ఉండేది, తల దిమ్ముగా ఉందనేవారు. పేపరు చదువుతూ చదువుతూనే కునికేవారు. ఆ గురకనీ ఈ కునుకునీ కలిపి చూడాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు చాలామంది కలిపి చూస్తున్నారు. 2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీ లహిరి చనిపోయినప్పుడు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా (నిద్రలో గొంతు దారి మూసుకుపోయి మాటిమాటికీ ఊపిరి ఆగే జబ్బు) అనే మాట మొదటిసారి మన టీవీల్లో గట్టిగా వినపడింది. 2024 డిసెంబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఆ జబ్బుకి ఒక మందుని తొలిసారిగా అనుమతించింది. ఆ మందు టిర్జెపటైడ్. అది గొంతు మీద పనిచేసేది కాదు, ఆకలి తగ్గించే ఇంజెక్షన్. అదే మందు 2025 మార్చిలో మౌంజారో పేరుతో షుగరుకీ బరువుకీ మన మార్కెట్లోకి వచ్చింది. దాంతో సహజంగానే ఒక ప్రశ్న పుట్టింది. తిండి తగ్గించే ఇంజెక్షన్‌తో గురక జబ్బు తగ్గితే, మనంతట మనం తిండి మార్చుకుంటే తగ్గదా?

దీనికి దొరుకుతున్న జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. రాత్రి అన్నం మానేయమని ఒకరంటారు, పాలూ పెరుగూ మానేయమని ఇంకొకరంటారు. బరువు తగ్గితే చాలని ఒకరు, సన్నగా ఉన్నవాళ్లూ గురక పెడతారు కదా అని మరొకరు. తిండి గొంతుని చేరే దారులు చాలా ఉన్నాయి. కొన్నిటి ప్రభావం ఆ రాత్రికే తెలుస్తుంది, కొన్నిటికి నెలలు పడుతుంది. కొన్ని నిద్రని పాడుచేస్తాయి గానీ గురక జోలికే పోవు. వీటిని ఒకే గంపలో వేయడం వల్లే ఇంత గందరగోళం.

గురక ఎక్కడ పుడుతుంది, జబ్బు ఎప్పుడవుతుంది

ముక్కుకి ఎముక ఆసరా ఉంది. శ్వాసనాళానికి మృదులాస్థి ఉంగరాల ఆసరా ఉంది. ఈ రెంటికీ మధ్య, నాలుక వెనకా మెత్తటి అంగిలి వెనకా ఉన్న గొంతు భాగానికి అలాంటి ఆసరా ఏదీ లేదు. దాన్ని తెరిచి ఉంచేవి కండరాలే. మెలకువగా ఉన్నప్పుడు అవి బిగువుగా ఉంటాయి, నిద్రలో వదులవుతాయి. దారి సన్నబడితే అందులోంచి గాలి మరింత వేగంగా దూసుకెళుతుంది. ఆ వేగానికి పక్క గోడలు లోపలికి లాగబడి, అంగిలీ కొండనాలుకా రెపరెపలాడతాయి. ఆ చప్పుడే గురక.

దారి ఇంకా సన్నబడి పూర్తిగా మూసుకుపోయి, కనీసం 10 సెకన్లు గాలి ఆడకపోతే దాన్ని ఆప్నియా అంటారు. పూర్తిగా మూసుకోకుండా గాలి బాగా తగ్గి, రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా లెక్కలోకే వస్తుంది. అప్పుడు మెదడు క్షణంపాటు మేలుకుని కండరాలని బిగిస్తుంది. మనిషి ఒక్కసారిగా గుటక వేసినట్టో ఎగశ్వాస తీసినట్టో ఊపిరి పీల్చి మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. తెల్లారాక ఇదేమీ గుర్తుండదు. గంటకి ఇలా ఎన్నిసార్లు జరుగుతుందో చెప్పే లెక్కకి ఏహెచ్‌ఐ అని పేరు. 5 లోపు ఉంటే మామూలు, 5 నుంచి 15 దాకా తేలిక, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

30 అనే అంకెని విడదీసి చూస్తే దాని బరువు తెలుస్తుంది. గంటకి 30 సార్లంటే ప్రతి రెండు నిమిషాలకి ఒకసారి. ఏడు గంటలు పడుకుంటే 210 సార్లు. మంచం మీద ఏడు గంటలూ గడిచాయి గానీ గాఢనిద్రా కలల నిద్రా ముక్కలు ముక్కలైపోయాయి. మా నాన్న పేపరు మీద కునుకు వెనక ఉన్నది ఇదే.

గురక పెట్టేవాళ్లందరికీ ఈ జబ్బు ఉండదు. అలాగని తక్కువమందికేమీ లేదు. మన దేశంలో అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2023లో కట్టిన అంచనా ప్రకారం పెద్దవాళ్లలో సుమారు 11 శాతం మందికి అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా ఉంది. అంటే దాదాపు 10 కోట్ల మంది.

నాలుకలో చేరే కొవ్వు: నెలల మీద తేలే లెక్క

కొవ్వు అనగానే మనం పొట్ట వైపు చూస్తాం. అది మెడలోనూ చేరుతుంది, నాలుకలోనూ చేరుతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు ఎమ్మారై తీసి చూస్తే, స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్ల నాలుకలో కొవ్వు ఎక్కువగా కనపడింది. 2020లో వాళ్లే 67 మంది ఊబకాయులని పరిశీలించారు. ఆహారం మార్చుకుని కొందరు, బరువు తగ్గించే ఆపరేషన్‌తో కొందరు, సగటున 10 శాతం బరువు తగ్గారు. వాళ్ల ఏహెచ్‌ఐ 31 శాతం తగ్గింది. గొంతులో వచ్చిన మార్పులన్నిటిలోకీ ఆ మెరుగుదలతో బాగా ముడిపడింది నాలుకలో కొవ్వు తగ్గడమే. బరువు తగ్గితే గురక ఎందుకు తగ్గుతుందన్న ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు నాకు ఎక్కడా కనపడలేదు.

పొట్టకీ ఇందులో పాత్ర ఉంది. వెల్లకిలా పడుకున్నప్పుడు పొట్టలోని కొవ్వు ఉదరవితానాన్ని, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొరని, పైకి నెడుతుంది. ఊపిరితిత్తులకి చోటు తగ్గుతుంది. మామూలుగా ఊపిరితిత్తులు నిండినప్పుడు శ్వాసనాళాన్ని కిందికి లాగి గొంతుని బిగువుగా ఉంచుతాయి. ఆ లాగుడు తగ్గితే గొంతు ఇంకాస్త వదులవుతుంది.

ఎంత బరువుకి ఎంత తేడా? అమెరికాలోని విస్కాన్సిన్‌లో 690 మందిని నాలుగేళ్లు గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, బరువు 10 శాతం పెరిగితే ఏహెచ్‌ఐ సుమారు 32 శాతం పెరిగింది, 10 శాతం తగ్గితే సుమారు 26 శాతం తగ్గింది. దీన్ని ఒక ఊహాజనిత మనిషికి వర్తింపజేద్దాం. 84 కిలోల బరువు, ఏహెచ్‌ఐ 20. పది శాతం అంటే 8.4 కిలోలు తగ్గి 75.6కి వచ్చాడు. 20లో 26 శాతం పోతే మిగిలేది 14.8. మధ్యస్థం నుంచి తేలిక జబ్బు గీత దాటాడు గానీ 5 లోపలికి రాలేదు. ఇంట్లోవాళ్లకి గురక చాలా తగ్గినట్టే అనిపిస్తుంది. జబ్బు మాత్రం ఇంకా ఉంది. ఇది సగటు లెక్క కాబట్టి ఒకే బరువు తగ్గిన ఇద్దరికి ఒకేలా తగ్గకపోవచ్చు.

చికిత్స పరీక్షల్లోనూ ఇదే తీరు కనపడుతుంది. షుగరు, ఊబకాయం, స్లీప్ ఆప్నియా మూడూ ఉన్న 264 మందిపై అమెరికాలో జరిగిన స్లీప్ అహెడ్ అధ్యయనం 2009లో వెలువడింది. ఆహారం, నడక మార్చుకున్నవాళ్లు ఏడాదిలో సగటున 10.8 కిలోలు తగ్గారు. వాళ్లలో జబ్బు పూర్తిగా పోయినవాళ్లు 13.6 శాతం, పోల్చడానికి పెట్టుకున్న రెండో గుంపులో 3.5 శాతం. మూడింతలకి పైనే, కానీ ఏడుగురిలో ఒకరికి కూడా నిండుగా రాలేదు. అదే ఏడాది స్వీడన్‌లో ఇంకా కఠినమైన ప్రయోగం జరిగింది. ఊబకాయంతోపాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్న మగవాళ్లకి డాక్టర్ల పర్యవేక్షణలో కొన్ని వారాలు అతి తక్కువ కేలరీల ద్రవాహారమే ఇచ్చారు. తొమ్మిది వారాల్లో సగటు ఏహెచ్‌ఐ 37 నుంచి 12కి దిగింది. ఏడాది తర్వాత కొంత బరువు తిరిగొచ్చినా మెరుగుదల చాలావరకు నిలిచింది.

టిర్జెపటైడ్ లెక్కనీ వీటి పక్కనే పెట్టి చూడాలి. ఎఫ్‌డీఏ అనుమతికి ఆధారమైన పరీక్షల్లో పాల్గొన్నవాళ్ల ఏహెచ్‌ఐ మొదట్లో 50 దగ్గర ఉండేది. ఏడాదిలో గంటకి 25 నుంచి 29 దాకా తగ్గింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకి 5 చొప్పున తగ్గింది. మందు వాడినవాళ్ల బరువు 20 శాతానికి దగ్గరగా తగ్గింది. అయితే వాళ్లందరి బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 30కి పైనే, సగటు 39. మన దేశంలో బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్కిస్తారు, ఎందుకంటే తక్కువ బరువుకే మనకి పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. కాబట్టి 27 బీఎంఐ ఉన్న తెలుగు మనిషికి ఆ ఫలితాలని ఉన్నదున్నట్టు అంటించలేం. ఈ ఇంజెక్షన్లు ఆపితే బరువు తిరిగి రావడమూ మామూలే. మందుని సమర్థించే డాక్టర్ల మాటలోనూ న్యాయం ఉంది. ఏళ్ల తరబడి తిండి తగ్గించాలని చూసి ఓడిపోయినవాళ్లకి అది మనోబలం లేకపోవడం కాదు, ఆకలి హార్మోన్ల లాగుడు. దాన్ని తగ్గించే సాయం ఉంటే వాడుకోవడంలో తప్పులేదంటారు వాళ్లు.

ఆ రాత్రికే తెలిసే మార్పులు

బరువు ఒక్క గ్రాము మారకపోయినా కొన్ని రాత్రులు గురక ఎక్కువవుతుంది. పెళ్లి విందు తిన్న రాత్రి, ఫ్రెండ్స్‌తో కూర్చుని వచ్చిన రాత్రి గుర్తు తెచ్చుకుంటే చాలు.

వీటిలో మొదట చెప్పాల్సింది మద్యం. అది గొంతు కండరాలని మామూలు నిద్రలోకంటే ఎక్కువగా వదులు చేస్తుంది. పైగా ఊపిరి ఆగినప్పుడు మెదడు మేలుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. అంటే దారి ఎక్కువసార్లు మూసుకుంటుంది, మూసుకున్న ప్రతిసారీ ఎక్కువసేపు ఉంటుంది. ఎప్పుడూ గురక పెట్టనివాళ్లూ ఆ రాత్రి పెడతారు. "రెండు పెగ్గులు వేస్తేనే నాకు నిద్ర పడుతుంది" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నిద్ర త్వరగానే పడుతుంది, మొదటి సగంలో గాఢంగానూ ఉంటుంది. రెండో సగంలో, మద్యం ఒంట్లోంచి దిగిపోయేకొద్దీ, కలల నిద్ర చెదిరి మాటిమాటికీ మెలకువ వస్తుంది. తెల్లవారుజామున మూడింటికి దాహంతో లేచి కూర్చోవడం అందుకే.

రెండోది ఆలస్యపు భోజనం. హైదరాబాద్‌లో ఆఫీసు, ట్రాఫిక్ దాటుకుని ఇంటికి చేరి, తొమ్మిదీ ముప్పావుకి తిని, పదిన్నరకి పడుకునే ఇల్లు ఇప్పుడు ఎవరికీ వింత కాదు. వేపుళ్లు, బిర్యానీ లాంటి నూనె ఎక్కువున్న భోజనం కడుపులోంచి దిగడానికి చాలా గంటలు పడుతుంది. నిండు కడుపుతో పడుకుంటే ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతుంది. పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట వస్తాయి. కొందరికి మంట తెలియకుండానే ఆమ్లం గొంతుదాకా వచ్చి అక్కడి పొరని వాచేలా చేస్తుంది. వాచిన గొంతు ఇంకా ఇరుకవుతుంది. భోజనానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలని డాక్టర్లు అనేది అందుకే. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే ఆమ్లం తక్కువగా ఎగదన్నుతుంది, పక్కకి పడుకోవడం వల్ల నాలుక వెనక్కి జారడమూ తగ్గుతుంది. ఒకే భంగిమతో రెండు లాభాలు.

మూడోది ఉప్పు, దీని సంగతి చాలామందికి తెలియదు. పగలంతా కూర్చునో నిలబడో పనిచేసేవాళ్లకి కాళ్లలో కొంత నీరు చేరుతుంది. సాయంత్రానికి సాక్సు అచ్చు పడడం దాని గుర్తే. పడుకోగానే ఆ నీరు పైకి కదిలి కొంత మెడ దాకా చేరి గొంతు గోడలని ఉబ్బిస్తుంది. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు ఎక్కువ నిలుస్తుంది. రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ లేనిదే ముద్ద దిగని మన భోజనం ఆ గీతని తేలిగ్గా దాటేస్తుంది. అయితే ఈ దారి ముఖ్యంగా బీపీ లొంగనివాళ్లకి, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి పెద్దది. మిగతావాళ్లలో ఉప్పు తగ్గిస్తే గురకలో వచ్చే తేడా చిన్నదే కావచ్చు.

పాలు, పెరుగు, కఫం

పాల వస్తువులు కఫం చేస్తాయన్న నమ్మకం మనకి గట్టిగా ఉంది. ఆయుర్వేదం రాత్రిపూట పెరుగు వద్దంటుంది. జలుబు చేస్తే పెరుగన్నం పెట్టని ఇళ్లు ఎన్నో. పరిశోధనలు ఈ నమ్మకాన్ని బలపరచలేదు. ఆస్ట్రేలియాలో వాలంటీర్లకి జలుబు వైరస్ ఎక్కించి, వాళ్లు తాగిన పాలనీ ముక్కులోంచి వచ్చిన చీమిడినీ తూచి చూశారు. పాలు ఎక్కువ తాగితే చీమిడి పెరగలేదు. పాలు లాలాజలంతో కలిసి కాసేపు గొంతులో జిగురుగా అనిపించడమే ఈ భావనకి మూలమని పరిశోధకుల వివరణ.

అలాగని పెరుగు మానేస్తే గురక తగ్గిందనే మనిషి మాటని కొట్టిపారేయలేం. పాల ప్రొటీన్ నిజంగా పడనివాళ్లకి, ముఖ్యంగా చిన్నపిల్లలకి, అలర్జీలో భాగంగా ముక్కు దిబ్బడ రావొచ్చు. ఇంకొకరి విషయంలో పెరుగుతోపాటు రెండో విడత అన్నం ఆగిపోయి ఉండొచ్చు. ఒకే మార్పు అనుకున్న చోట రెండు మారిపోతుంటాయి.

రాత్రి అన్నం మాని చపాతీ తింటే?

ఈ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. బరువు సంగతైతే, బియ్యానికీ గోధుమపిండికీ తూకం లెక్కన కేలరీల్లో పెద్ద తేడా లేదు. అన్నం మాని మూడు చపాతీలు, నూనె తేలే కుర్మా తింటే మిగిలేదేమీ ఉండదు. అన్నం రెండు గరిటెలు తగ్గి ఆ చోట పప్పో కూరో పెరిగితే లెక్క మారుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, రోజు మొత్తం శక్తిలో తృణధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని చెప్పింది. మన పళ్లెంలో వాటి వాటా దానికంటే చాలా ఎక్కువ.

నిద్ర సంగతి వేరు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 2007లో ఒక చిన్న ప్రయోగం జరిగింది. పడుకునే నాలుగు గంటల ముందు, రక్తంలో చక్కెరని త్వరగా పెంచే రకం అన్నం తిన్నవాళ్లకి సగటున 9 నిమిషాల్లో నిద్ర పట్టింది. నెమ్మదిగా పెంచే రకం తిన్నవాళ్లకి 17 నిమిషాలకి పైనే పట్టింది. అన్నం తింటే కళ్లు మూతలు పడతాయన్న మన అనుభవం నిజమేనన్నమాట. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 26 మందితో చేసి 2016లో ప్రచురించిన పరీక్ష ఇంకో కోణం చూపింది. పీచు తక్కువ, సంతృప్త కొవ్వు ఎక్కువ తిన్న రోజున గాఢనిద్ర తగ్గింది. చక్కెర ఎక్కువైన రోజున మధ్యలో మెలకువలు పెరిగాయి. నిపుణులు కొలిచి పెట్టిన భోజనం చేసిన రోజు 17 నిమిషాల్లో నిద్ర పడితే, ఇష్టం వచ్చినట్టు తిన్న రోజు 29 నిమిషాలు పట్టింది.

రెండూ చిన్న అధ్యయనాలే, ఒకటి ఇంకొకదాన్ని కొట్టేయదు. త్వరగా నిద్ర పట్టడం ఒకటి, పట్టిన నిద్ర తెల్లారేదాకా గాఢంగా సాగడం మరొకటి. పైగా ఈ రెంటిలోనూ కొలిచింది నిద్రని, గురకని కాదు.

కాఫీ, టీల లెక్కా అలాంటిదే. కెఫీన్ గొంతుని ఇరుకు చేయదు. కానీ ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో సగం కరగడానికే చాలామందిలో సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటికి తాగిన కాఫీలో 100 మిల్లీగ్రాములు ఉందనుకుంటే రాత్రి పదికి ఇంకా 50 మిగిలే ఉంటుంది. ఆప్నియా వల్ల పగలు కునుకు వస్తుంటే ఆపుకోవడానికి కాఫీ, ఆ కాఫీ వల్ల రాత్రి నిద్ర ఆలస్యం.

నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది

ఇక్కడే తిండీ నిద్రా ఒకదాని కాలు ఒకటి పట్టుకుంటాయి. షికాగో విశ్వవిద్యాలయంలో 2004లో ఆరోగ్యంగా ఉన్న 12 మంది యువకులని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ హార్మోన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. వాళ్లకి మనసు పోయింది తీపి, ఉప్పు చిరుతిళ్ల మీదకే. 2022లో అక్కడి పరిశోధకులే దీన్ని తిరగేసి చూశారు. అధిక బరువుండి తక్కువ నిద్రపోయేవాళ్లకి రాత్రి గంటకి పైగా నిద్ర పెంచగలిగారు. తిండి తగ్గించమని ఎవరూ చెప్పకపోయినా వాళ్లు రోజుకి సుమారు 270 కేలరీలు తక్కువ తిన్నారు.

"నువ్వు లావు తగ్గు, గురక అదే పోతుంది" అని ఇంట్లోవాళ్లు అనడం తేలిక. రాత్రంతా ఊపిరి తెగుతూ, పగలంతా నీరసంగా, ఆకలి హార్మోన్లు తలకిందులైన మనిషికి ఆ మాట పాటించడం ఎంత కష్టమో ఈ అంకెలు చెబుతాయి. మా నాన్నని మేమూ అలాగే అన్నాం. అందుకు ఇప్పుడు బాధగా ఉంది.

తిండికి అందని గురక

సన్నగా, 52 కిలోలు ఉన్న ఒక స్త్రీ గట్టిగా గురక పెడుతోందనుకుందాం. కింది దవడ వెనక్కి ఉండి, గొంతు పుట్టుకతోనే ఇరుకై ఉండొచ్చు. ముక్కు దూలం వంకర కావచ్చు. థైరాయిడ్ తగ్గి ఉండొచ్చు, అందులో నాలుకా గొంతు పొరలూ ఉబ్బుతాయి. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లలో స్లీప్ ఆప్నియా పెరుగుతుంది కూడా. ఆమె రాత్రి భోజనం మానేస్తే నీరసం తప్ప ఒరిగేదేమీ లేదు. పిల్లల్లో గురకకి ముఖ్య కారణం టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ పెరగడం. దానికి పళ్లెంలో జవాబు లేదు, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరే ఉంది.

బరువున్న మనిషి విషయంలోనూ డాక్టర్లు తిండిని ఒక్కదాన్నే నమ్ముకోరు. ఏహెచ్‌ఐ ఎక్కువుంటే సీప్యాప్ యంత్రం పెడతారు. ముక్కుకి మాస్కు తగిలించి, ఒత్తిడితో గాలి పంపి గొంతుని తెరిచి ఉంచే ఈ పద్ధతిని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్ వెలుగులోకి తెచ్చాడు. అది పెట్టుకున్న మొదటి రాత్రే గురక ఆగుతుంది. నాలుకలో కొవ్వు అలాగే ఉంటుంది, యంత్రం తీస్తే గురక తిరిగొస్తుంది. యంత్రం వాడేవాళ్లలో బరువు కొద్దిగా పెరుగుతోందని కూడా అధ్యయనాల్లో తేలింది. అందుకే ఈ రాత్రికి యంత్రం, వచ్చే ఏడాదికి తిండి అన్నట్టు రెండూ కలిపి నడిపిస్తారు.

బరువు తగ్గాక యంత్రం తీసేయొచ్చా అన్నది శబ్దాన్ని బట్టి తేలదు. పైన చూసిన 84 కిలోల మనిషి లాగా గురక సన్నగిల్లినా ఏహెచ్‌ఐ 15 దగ్గర ఆగి ఉండొచ్చు. అందుకని నిద్ర పరీక్ష మళ్లీ చేస్తారు. చాలామందికి ఇది ఇప్పుడు ఇంట్లోనే అవుతుంది. ఛాతీకి ఒక పట్టీ, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టుకుని ఒక రాత్రి పడుకుంటే చాలు. మునుపటి కాగితం పక్కన కొత్త కాగితం పెట్టి, బరువు ఎంత దిగింది, ఏహెచ్‌ఐ ఎంత దిగింది, ఆక్సిజన్ ఎక్కడిదాకా పడింది అని చూసి, మాస్కులో గాలి ఒత్తిడి తగ్గించాలా, పూర్తిగా తీసేయాలా, ఇంకొన్నాళ్లు అలాగే ఉంచాలా అన్నది అప్పుడు నిర్ణయిస్తారు.